ఎల్‌కేజీ ఇంటర్నేషనల్, డిగ్రీ పక్కసందు

మా మేనకోడలికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 940 మార్కులొచ్చాయి. ఆ సాయంత్రం గోరంట్లలో మా అక్కవాళ్ళ వసారా మీద చేరినంత జనం వాళ్ళ గృహప్రవేశానికి కూడా చేరలేదు. మైసూరుపాకు పంచారు. ఒక కార్పొరేట్ కాలేజీ పీఆర్వో శాలువా పట్టుకొచ్చి, పిల్ల భుజాల మీద కప్పి, ఫోటో దిగాడు. ఆ పిల్ల చదివింది వాళ్ళ కాలేజీలో కాదు. ఫోటోకు ఆ సంగతి అడ్డం రాలేదు.

శాలువా మడతలు ఇంకా విడిపోనేలేదు, పిల్ల నోరు విప్పింది. "నాయనా, నేను ఇంజనీరింగ్‌కు పోను. డిగ్రీలో అంతర్జాతీయ సంబంధాలు చదువుకుంటా."

వసారా మీద సద్దణిగిపోయింది. మైసూరుపాకు నోట్లో పెట్టుకున్నవాళ్ళు నమలడం మానేశారు. పీఆర్వో శాలువా వైపు చూశాడు, వెనక్కి తీసుకుంటే బాగుంటుందా అన్నట్టు.

అందరికంటే ముందు తేరుకున్నది పిల్లకు అవ్వ, నాకు అత్త. ఆమెకు చెవులు సరిగా వినపడవు గానీ, 'సంబంధం' అన్న మాట పక్క వీధిలో గొణిగినా వినపడుతుంది. "ఏమ్మే, అప్పుడే సంబంధమా? అయినా అంతర్జాతి మనకు యాలమ్మా? మన జాతిలో పిల్లోళ్ళు కరువైనారా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఆలోచిస్తే ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఐక్యరాజ్యసమితిలో 193 సభ్యదేశాలున్నాయి. మన ఇళ్ళ లెక్కలో మనది ఒకటి, అల్లుడుండేది ఒకటి. మిగతా 191 దేశాలూ క్విజ్ పోటీల కోసం ఉన్నాయి. ఆ అల్లుడి దేశంలోనైనా మనం వెతుక్కునేది మన కులాన్నే. డాలస్‌లో దిగీ దిగగానే కులసంఘం చిరునామా కనుక్కునే మనకు 'అంతర్జాతీయ' అన్న మాట గొంతు దిగకపోవడంలో వింతేముంది?

అట్లాగని ఆ మాట మీద మనకు పగేమీ లేదు. ఊరూరా బోర్డులు రాయించి పెట్టుకున్నాం. ఈ పిల్ల ఎల్‌కేజీ వెలగబెట్టింది కూడా ఒక ఇంటర్నేషనల్ స్కూల్లోనే. నాలుగు రేకుల గదులు, ఒక పసుపు బస్సు, బస్సు మీద భూగోళం బొమ్మ. పెయింటరు పుణ్యాన ఆ భూగోళంలో శ్రీలంక ఉండాల్సిన చోట అడ్మిషన్ల ఫోన్ నంబరు ఉండేది. ఏప్రిల్ ఎండలో మూడేళ్ళ పిల్లల మెడకు టై బిగించడం తప్ప అక్కడ అంతర్జాతీయమైనది నాకేమీ కనపడలేదు. ఆరో తరగతికొచ్చేసరికి 'ఇంటర్నేషనల్' పోయి 'టెక్నో' అయింది. ఎనిమిదిలో 'ఒలింపియాడ్' అయింది. ఇంటర్లో ప్రపంచం మొత్తం మూడు అక్షరాలకు కుంచించుకుపోయింది: ఎం, పీ, సీ. అంతకుముందు బడిలోనే సోషల్ పీరియడ్లో లెక్కలు చెప్పారు. సోషల్ సారుకు స్టడీ అవర్లో పిల్లలు కునికిపాట్లు పడకుండా చూసే ఉద్యోగం ఇచ్చారు. మూడేళ్ళప్పుడు ప్రపంచ పౌరురాలు, పద్దెనిమిదేళ్ళకు బావిలో కప్ప. మన చదువుల నిచ్చెన ఎక్కేకొద్దీ కిందికి దిగుతుంది.

"దాన్ని చదివితే ఏమొస్తాదప్పా?" అన్నాడు బావ నా వైపు తిరిగి, పిల్లకు ఈ దుర్బుద్ధి నేనే పుట్టించినట్టు. "అంతర్జాతీయ సంబంధాలంట! వాటికీ మనకూ యాడి సంబంధం?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ వసారా మీదే, చేతిలో మైసూరుపాకు పట్టుకుని కూర్చుని ఉంది. ఒక్కొక్కరినీ పలకరిస్తూ పోదాం.

బావతోనే మొదలు. ఆయన ఒకప్పుడు చెనక్కాయ రైతు. అనంతపురం అంటే చెనక్కాయ అనుకునే రోజులవి. ఇప్పుడు బస్టాండు దగ్గర కిరాణా అంగడి. అంగట్లో అన్నిటికంటే జోరుగా కదిలే సరుకు పామాయిలు ప్యాకెట్టు. చెనక్కాయ పండించినాయన పామాయిలు అమ్ముకునేవాడు ఎట్లా అయ్యాడు? వానలు ఎగ్గొట్టాయి, నిజమే. కానీ నేరమంతా మేఘాల మీదికి నెడితే ఎట్లా? 1994లో 65 శాతం సుంకంతో పామోలిన్ దిగుమతికి తలుపు తీశారు. 1998కల్లా ఆ సుంకం 15 శాతానికి దిగింది. 2008లో ముడి పామాయిలు మీద సుంకం సున్నా చేశారు. ఢిల్లీలో తీసిన తలుపులోంచి మలేషియా, ఇండోనేషియా నూనె వచ్చి మన గానుగల్ని ముంచింది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా ఉన్నట్టుండి పామాయిలు ఎగుమతి ఆపేసింది. మే 23 దాకా మళ్ళీ వదల్లేదు. జకార్తాలో ఒకాయన కలం కదిపితే గోరంట్ల బస్టాండులో మిరపకాయ బజ్జీ చిక్కిపోయింది. బావ అప్పుడు బజ్జీలబండి ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టాల్సిన మనిషి సముద్రం అవతల ఉన్నాడని చెప్పినవాళ్ళు లేరు. ఆ చెప్పే చదువునే కదా కూతురు అడుగుతోంది!

బావ పక్కన ఆయన తమ్ముడు. హిందూపురం దగ్గర మల్బరీ తోట, పట్టుగూళ్ళ రైతు. అరుగు చివర ఆ తమ్ముడి బావమరిది. ధర్మవరంలో మగ్గం. వీళ్ళ గూడే వాళ్ళ చీర, అయినా ఇద్దరికీ పొసగదు. ఆస్తి తగాదా అనుకునేరు, మధ్యలో ఉన్నది చైనా పట్టు. 2011 బడ్జెట్లో ముడిపట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5కు కోశారు. గూళ్ళ ధర పడిపోయి తమ్ముడు ఏడ్చాడు. 2021 బడ్జెట్లో ముడిపట్టు, పట్టుదారం సుంకం 10 నుంచి 15కు పెంచారు. దారం ధర చూసి బావమరిది ఏడ్చాడు. ఏడిపించిన చెయ్యి ఒకటే, వీళ్ళు తిట్టుకున్నది మాత్రం ఒకరినొకరు. దీన్ని పుస్తకాల్లో వాణిజ్య విధానంలో ప్రయోజనాల సంఘర్షణ అంటారు. మా ఇళ్ళలో 'వాళ్ళింటికి పెళ్ళికి పోవద్దు' అంటారు.

మెట్ల మీద కూర్చున్న కుర్రాడు పక్కింటివాడు. షిఫ్టు దిగి యూనిఫాంతోనే వచ్చాడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో కియా కార్ల ఫ్యాక్టరీ. 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్. దానికి చాలా ముందే, 2010 జనవరి 1 నుంచి, భారత్, కొరియాల మధ్య ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లో ఉందని ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు. వాడికి తెలియాల్సినదల్లా ఒకటే: కొరియా సారు కేకేస్తే అది పనా, తిట్టా అని.

పోయిన దసరాకు అందరం కారులో పెనుకొండ మీదుగా పోతున్నాం. హైవే పక్కన ఒక హోటలు బోర్డు. గుండ్రాలు, గీతలు, అగ్గిపెట్టెలు పేర్చినట్టు అక్షరాలు. వెనక సీట్లోంచి పిల్ల గడగడా చదివేసింది: "హాన్‌సిక్. అంటే కొరియా భోజనం, మామా." ఎవరు నేర్పారే అంటే ఎవరూ నేర్పలేదు, ఫోన్లో కొరియా సీరియళ్ళు చూస్తూ తనే పట్టేసింది. పుట్టి పెరిగిన గడ్డ మీద ఒక హోటలు బోర్డు చదవలేని నిరక్షరాస్యుణ్ణి అయిపోయానని నాకు ఆ రోజే తెలిసింది. స్టీరింగు దగ్గరున్న బావకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. "చదువుకోమని ఫోనిస్తే సీరియళ్ళు చూస్తాండావా?"

గేటు దగ్గర నిలబడినాయన ఆటో మామ. పొద్దున్నే పుట్టపర్తి పోతే రాత్రికి వస్తాడు. 1990లోనే విమానాశ్రయం కట్టుకున్న ఊరది. నానా దేశాల భక్తులతో బేరమాడీ బేరమాడీ, ఈయన ఇటాలియన్‌లో రేటు చెప్తాడు, రష్యన్‌లో చిల్లర లేదంటాడు. ఏ బడీ నేర్పలేదు, కడుపు నేర్పింది. ఏడో తరగతి తప్పిన ఆయనకు మూడు దేశాల మర్యాదలు తెలుసు. ఎంబీఏ చదివిన ఆయన కొడుక్కు పక్క రాష్ట్రం ముఖ్యమంత్రి పేరు తెలియదు.

వెనక గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్న పెద్దాయన నాకు పెదనాన్న వరస. ఆయన పొలం నాలెడ్జిలో కలిసిపోయింది. వేళాకోళం కాదు. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో లేపాక్షి నాలెడ్జి హబ్ అని చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు కట్టబెట్టారు. సీబీఐ వచ్చింది, ఈడీ వచ్చింది, నాలెడ్జి రాలేదు. చదువు పేరు చెప్పి ఇన్ని వేల ఎకరాలు తీసుకున్న మండలంలో, చదువుకుంటానన్న ఒక పిల్లకు వెయ్యడానికి ఒక బెంచీ లేదు.

హబ్బు మొలవని నేలకు దగ్గర్లోనే ఇంకొకటి మాత్రం మొలిచింది. పాలసముద్రం మన మండలమే. అక్కడ 500 ఎకరాల్లో నాసిన్, అంటే కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల జాతీయ అకాడమీ. 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి రెవెన్యూ సర్వీసు వాళ్ళు, భూటాన్ అధికారులు కూడా, ఇక్కడికొచ్చి నేర్చుకుంటారు: ఏ దేశపు సరుకు ఏ దారిన వస్తుంది, ఎట్లా పట్టుకోవాలి, ఎంత కట్టించుకోవాలి. బావ అమ్మే నూనె, ధర్మవరం మగ్గం మీది దారం, ఎర్రమంచి కారులో విడిభాగం, అన్నిటినీ ఓడరేవులో ఆపి లెక్క అడిగే చదువును మా ఊరి పొలిమేరలో చెప్తున్నారు. మా పిల్లలకు కూడా అక్కడ అవకాశం లేకపోలేదు. గేటు బయట టీ బంకు పెట్టుకునే సంపూర్ణ స్వాతంత్ర్యం ఉంది.

పెనుకొండ ఏలిన రాజులు మనకంటే నయం. 1547లో, సదాశివరాయల కాలంలో, విజయనగరం గోవాలోని పోర్చుగీసులతో ఒప్పందం రాసుకుంది: ఓడ దిగిన గుర్రాలు మాకే అమ్మాలి, బీజాపూరుకు అమ్మకూడదు అని. 1565లో యుద్ధంలో ఓడిపోయి, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నాడు. గుర్రం ఏ రేవులో దిగుతుందో, ఎవరి చేతికి పోతుందో తెలియకపోతే కోట నిలవదని ఆ కాలం వాళ్ళకు తెలుసు. ఇప్పుడు అదే కొండ కింద కార్లు తయారవుతున్నాయి. కారు మైలేజీ ఎంతని అడుగుతాం, ఎందుకొచ్చిందని అడగం.

ఇంతలో పీఆర్వో గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, బీటెక్ సీఎస్ఈ చెయ్, ఆపైన ఎంఎస్‌కు అమెరికా పో. అంతకంటే ఇంటర్నేషనల్ ఏముంది?" వసారా అంతా తల ఊపింది.

అవును, అంతకంటే ఏముంది! 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ బాగోతం బయటపడినప్పుడు అక్కడ చేరిన మన పిల్లల్లో కొందరి కాళ్ళకు రేడియో కడియాలు తొడిగారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వంతు వచ్చింది. దాంట్లో క్లాసు లేదు, పంతులు లేడు, సిలబస్ లేదు. అమెరికా ప్రభుత్వమే పన్నిన వల అది. చిక్కినవాళ్ళలో తెలుగు పిల్లలు బోలెడుమంది. ఒక దేశపు వీసా చట్టం ఒక్క పేజీ చదవకుండా ఆ దేశానికి చదువుకోడానికి పోవడాన్ని మన ఇళ్ళలో 'సెటిలవడం' అంటారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్లు కట్టాలని వాషింగ్టన్ ప్రకటించిన రాత్రి చూడాలి మన వాట్సాప్ గ్రూపులు! తెల్లారేసరికి ఇంటికొక అంతర్జాతీయ నిపుణుడు మొలిచాడు. పద్దెనిమిదేళ్ళ పిల్ల అదే చదువుతానంటే పిచ్చి. యాభై ఏళ్ళ పెద్దమనిషి అర్ధరాత్రి ఫార్వర్డ్ చేస్తే విశ్లేషణ.

ఇంకో తమాషా కూడా ఉంది. బీటెక్ పూర్తిచేసిన ఈ పిల్లల్లోనే కొందరు నాలుగేళ్ళ తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో తేలతారు. సివిల్స్ కోచింగ్. అప్పు చేసి ఫీజు కట్టి, ఆరుగురు పడుకునే గదిలో గోడకు ప్రపంచపటం అంటించుకుని చదివేదేమిటి? రాజనీతి శాస్త్రం, అంతర్జాతీయ సంబంధాలు. ఆ సబ్జెక్టును పద్దెనిమిదేళ్ళకు చదివితే పరువు తక్కువ, ఇరవై ఆరేళ్ళకు చదివితే తపస్సు.

సరే, బావ ఒప్పుకున్నాడనే అనుకుందాం. పిల్ల ఎక్కడ చేరాలి? 1955లోనే ఢిల్లీలో అంతర్జాతీయ అధ్యయనాలకు ఒక విద్యాసంస్థ పెట్టారు. 1970లో అది జేఎన్‌యూలో కలిసింది. అక్కడ ఆ చదువు పీజీ నుంచే. డిగ్రీలోనే కావాలని వెతికితే హర్యానాలో సోనీపట్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ తగిలింది. పిల్ల ఫోన్లో ఫీజు చూపించింది. బావ ఫోను తలకిందులుగా పట్టుకున్నానేమోనని తిప్పి చూశాడు. అంకె మారలేదు.

మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీకి ఒక్కటే మేజర్ సబ్జెక్టు అన్నారు. ఆన్‌లైన్ జాబితాలో వెతుక్కుంటూ పోతే రాజనీతి శాస్త్రం దాకా చేరుకోవచ్చు. అందులో అంతర్జాతీయ సంబంధాలు ఒక మూల పేపరు, పరీక్ష ముందు రోజు గైడులో ఇరవై పేజీలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య నేను తిరిగినంత మేర ఏ కాలేజీ బోర్డు మీదా ఈ చదువు పేరు చూడలేదు. అడిగితే "చేరేవాళ్ళు లేరు సార్" అంటారు. చేరదామంటే కోర్సు లేదు. విత్తు ముందా, చెట్టు ముందా అని వీళ్ళు తేల్చేలోపు గూట్లో పురుగు రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటికొచ్చేస్తుంది.

ఈ డిగ్రీ చదివితే ఉద్యోగం గ్యారంటీ అని నేను చెప్పను. అది చెప్పడానికి పీఆర్వోలున్నారు.

ఆ రాత్రి అందరి ముందూ పిల్ల పక్షాన మాట్లాడింది ఒక్కతే ఒక్క మనిషి. వంటింట్లో సాయానికొచ్చిన కదిరి ఆమె. గల్ఫ్‌లో ఆరేళ్ళు ఇంటిపని చేసి వచ్చింది. పాస్‌పోర్టు కఫీల్ అనే యజమాని బీరువాలో, అకామా అనే నివాస అనుమతి ఎప్పుడు అయిపోయిందో తెలియదు, ఎవరినడగాలో అంతకంటే తెలియదు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుంటూ గడప దగ్గర నిలబడి అడిగింది: "ఆ చదువు చదివితే ఆ దేశాల్లో మన ఆఫీసుల్లో కూచుంటారామ్మా? అయితే చదువు తల్లీ. నా మాట నా భాషలో వినేవాళ్ళు ఒక్కరు దొరికింటే నేను రెండేండ్ల ముందే వచ్చిందును." వసారా మీద ఎవరూ ఆ మాట విననట్టే ఉన్నారు. అంట్లు తోమే ఆమెకు విదేశాంగ విధానం ఏం తెలుస్తుంది?

తొమ్మిది గంటలకు తీర్పు వెలువడింది. బీటెక్, అందులోనూ ఏఐ. పిల్ల ఏడవలేదు. లోపలికి పోయి శాలువా నీటుగా మడిచి తెచ్చి పీఆర్వో చేతికిచ్చింది. "తీసుకుపోండన్నా, పక్కింటికి పనికొస్తాది" అంది.

అందరూ పోయాక అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "పెండ్లి సంబంధం కాదంట గదప్పా. మరి దేన్ని గురించి చదువుతానంటాదా పిల్ల?"

పామాయిలు, పట్టుదారం, కొరియా ఒప్పందం, ఇవన్నీ ఈమెకెట్లా చెప్పేది? "కల్లితండా పిల్లోడు గుర్తుండాడా అత్తా?" అన్నాను. ఆమె కొంగు కళ్ళకు పెట్టుకుంది.

కల్లితండా మా గోరంట్ల మండలమే. అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే 9న జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో ప్రాణం విడిచాడు. ఆ శవపేటిక వచ్చిన రోజు ఈ మండలంలో ఒక్కరు కూడా, ఆ దేశానికీ ఈ దేశానికీ ఏముంటే మనకేమి సంబంధం అని అడగలేదు.

"దాన్ని గురించే అత్తా. ఆ గీత ఎవరు గీసినారు, అక్కడ ఎందుకు కాల్చుకుంటాండారు, ఎట్లా మాట్లాడితే నిలుస్తాది అని చదువుతానంటాంది."

"అయితే చదవనీ. అడ్డం పడేదానికి మీరెవురు?" అంది అత్త.

చెవులు వినపడని ముసలామెకు ఒక్క మాటలో అర్థమైంది. చెవులున్న ప్రభుత్వానికీ, కాలేజీలకీ, కన్నవాళ్ళకీ మళ్ళీ చెప్తున్నాను. పరాయి దేశం కారు పుట్టే, పరాయి దారం నేసే, పరాయి నూనె మరిగే ఈ గడ్డ మీద, హిందూపురంలోనో పెనుకొండలోనో ధర్మవరంలోనో ఒక్క ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక్క సెక్షన్ పెట్టండి. 8,844 ఎకరాలు అక్కర్లేదు, ఒక గది, నలభై కుర్చీలు, గోడకు ఒక ప్రపంచపటం చాలు.

మా మండలంలో అగ్నివీర్‌గా సరిహద్దుకు పోవడానికి పదో తరగతి పాసైతే సరిపోతుంది. ఆ సరిహద్దు గురించి చదువుకోవడానికి వెయ్యికి 940 మార్కులు సరిపోలేదు.